సారయ్య లాంపు

పూనా
12 ఫిబ్రవరి 1966

అక్కకు,

నీ కార్డు అందింది. పిల్లలిద్దరికీ దగ్గు తగ్గిందని చదివి నిమ్మళపడ్డాను. నేను బాగున్నాను. ఇక్కడి కూరల్లో కారం ఉండదన్నది పాత కష్టమే, కొత్తగా చెప్పేది కాదు.

అసలు సంగతికి వస్తాను. కుదురుగా కూర్చుని రాయలేకపోతున్నాను, అక్షరాలు వంకరపోతే ఏమనుకోకు. మా సినిమా స్కూల్లో కెమెరా పని నేర్చుకునే ప్రతివాడూ ఎండాకాలం సెలవుల్లో తన ప్రాంతానికి వెళ్లి ఒక చిన్న చిత్రం తీసుకురావాలి. అందులో వేషాలుండవు, పాటలుండవు. నిజమైన మనుషుల్ని, వాళ్లు చేసే పనిని ఉన్నదున్నట్టు తీయాలి. దాన్ని డాక్యుమెంటరీ అంటారు. అది నచ్చితేనే చివరి ఏడాదిలోకి పోనిస్తారు. నచ్చకపోతే పెట్టె సర్దుకోవడమే. నాతో చదివేవాళ్లలో ఒకడు సముద్రం తీస్తానంటున్నాడు, ఇంకొకడు ఏనుగులంటున్నాడు. నేను మా బావను తీస్తానని చెప్పాను.

అవును, మన సారయ్య బావనే. పొద్దున ఇంట్లోంచి బయల్దేరడం, బొగ్గుబాయిలో దిగడం, పని చేసుకుని ఇంటికి రావడం, అంతే చిత్రం. ఇందులో ఏముందని మా సార్ అడిగాడు. ఏముందో నాకూ తెలియదు. మీ ఇంట్లో ఉండి చదువుకున్న రోజుల్లో బాయి మీద సైరన్ మోగితే ఎంత నిద్రలో ఉన్నా లేచి కూర్చునేవాణ్ని. ఇప్పుడూ ఈ చిత్రం గురించి ఆలోచిస్తే అట్లాగే లేచి కూర్చుంటున్నాను. సార్‌కు ఆ మాటే చెప్పాను. సరే పో అన్నాడు.

బావ లేచిన దగ్గర్నుంచి ఏమేం చేస్తాడో ఒక్కటి కూడా వదలకుండా రాసి పంపు. అతణ్ని ఒప్పించే భారం నీదే.

నీ తమ్ముడు,
పోశం


మందమర్రి
24 ఫిబ్రవరి 1966

చిరంజీవి తమ్ముడికి అక్క దీవెనలు.

నీ ఉత్తరం మీ బావకు చదివాను. మళ్లీ చదవమన్నాడు. "నన్నా? నన్నేం తీస్తడు?" అన్నాడు. అని ఊరుకుంటే బాగుండేది. సాయంత్రానికి పోయి ఎల్లేశంతో చెప్పాడు. ఎల్లేశం నీకు తెలుసు, పక్క క్వార్టరు, బాయిలో మీ బావకు జోడీ. ఇద్దరూ ఒక్క చోటే బొగ్గు నింపుతారు. ఎల్లేశం పోయి తన పెళ్లాం సమ్మవ్వ చెవిలో వేశాడు. సమ్మవ్వకు తెలిసిందంటే లైను మొత్తానికి తెలిసినట్టే కదా. ఇప్పుడు నల్లా దగ్గర బిందె పెడితే చాలు, హీరోయినమ్మకు దారి ఇయ్యండని నవ్వుతున్నారు. నేనూ మూతి ముడిచినట్టు నటిస్తున్నాను.

ఏమేం చేస్తాడని అడిగావు. లేవగానే చాయ్ ఆలస్యమైందని నన్ను తిడతాడు, అది తీస్తావా? జొన్నరొట్టె గుడ్డలో కట్టించుకుంటాడు. గడప పక్క మేకుకు తగిలించిన ఇత్తడి బిళ్ల తీసి జేబులో వేసుకుంటాడు. దాని మీద అతని నంబరు ఉంటుంది. బాయి మీద లాంపు రూం కిటికీలో ఆ బిళ్ల ఇస్తే లాంపు ఇస్తారు. అంటే టోపీకి పెట్టుకునే దీపం, నడుముకు కట్టుకునే బ్యాటరీ. బిళ్లను అక్కడి బోర్డుకు తగిలిస్తారు. పైకి వచ్చాక లాంపు అప్పజెప్పి ఎవరి బిళ్ల వాళ్లు తెచ్చుకోవాలి. షిఫ్టు అయిపోయాక బోర్డు మీద బిళ్ల మిగిలిందంటే ఆ మనిషి ఇంకా కిందనే ఉన్నాడని లెక్క. అందుకే లాంపు గేటు దాటి బయటికి రాదు, రాకూడదు.

మా లైను ఆడవాళ్ల అలవాటు ఒకటి చెప్పనా. మొగుడు వచ్చాడంటే మేం తల ఎత్తి చూడం. మేకుకు బిళ్ల తగిలిన చప్పుడు వింటాం. అది వినపడ్డాక తిట్టేదుంటే తిడతాం.

నువ్వు వచ్చేలోగా ఇంటికి సున్నం వేయిస్తాను. మీ బావకు కొత్త ధోవతి, నాకు ఒక చీర. నలుగురు చూసే బొమ్మాయె.

నీ అక్క
అనసూర్య


పూనా
6 మార్చి 1966

అక్కా,

సున్నం వేయించకు. ముందు ఆ మాట చదువు, మిగతాది తర్వాత.

ఇల్లు ఎట్లా ఉందో అట్లాగే ఉండనీ. పొయ్యి పక్క పొగచూరిన గోడ నాకు కావాలి. దాని ముందు బావ ముఖం పెడితే ఎట్లా ఉంటుందో ఇక్కడ కూర్చునే చూస్తున్నాను. కొత్త ధోవతి వద్దు. ఆ చిరిగిన బనీను దాచిపెట్టు. గడ్డం గీయించుకోవద్దని చెప్పు. ఇక్కడివాళ్లకు బొగ్గు అంటే రైలింజనులో మండేది మాత్రమే, దాని వెనకాల మనిషి ఒకడు ఎట్లా అరిగిపోతున్నాడో తెలియదు. అది చూపించాలి.

బిళ్ల సంగతి రాశావు చూడు, దానికి నీకు దండం పెట్టాలి. ఆ పేరా పట్టుకుని గదంతా తిరుగుతున్నాను. నిన్న రాత్రి నాతో ఉండే బెంగాలీ అబ్బాయి లైటు ఆర్పమని బతిమాలాడు.

మీ మేనేజరుకు అర్జీ పెట్టాను, కెమెరాతో కిందికి దిగనివ్వమని. లోపల చీకట్లో బావ లాంపు ఒక్కటి వెలుగుతూ రావాలి. అది లేకపోతే ఈ చిత్రం లేదు.

పోశం


మందమర్రి
13 మార్చి 1966

పోశంకు,

నీ ఉత్తరం వచ్చేసరికి సున్నం ఆరిపోయింది. మంచి సున్నం, నీలిమందు కలిపి రెండు పూతలు వేయించాను. ఇప్పుడు గోకమంటావా?

నీ ఉత్తరం మీ బావకు చదివి తప్పు చేశాను. బనీను మాట దగ్గర లేచి బయటికి పోయాడు. తిరిగి వచ్చి "చిరిగిన బనీను మీద నన్ను పూనాల అందరికీ సూపెడ్తడా?" అన్నాడు. తమ్ముడూ, అరిగిపోతున్నాడని రాశావు. హుస్నాబాద్ దిక్కు వానకోసం చూసి చూసి, వ్యవసాయం వదిలి ఇక్కడికొచ్చిన మనిషి అతను. ఈ పని చేసే ఇల్లు నిలబెట్టాడు. బాయిలో అతని కంటే గట్టిగా తట్ట ఎత్తేవాడు లేడని ఎల్లేశమే అంటాడు. మా ఇల్లు మాసి ఉంటేనే నీకు బొమ్మ పడుతుందంటే, ఏనుగులే నయం, పోయి వాటిని తీసుకో.

కోపంలో రాశాను. చింపి మళ్లీ రాద్దామంటే పొయ్యి మీద పప్పు ఉంది. రా, వచ్చి చూసి నీకెట్లా కావాలో అట్లా తీసుకో.

మేనేజరు ఒప్పుకోలేదట. కింద గ్యాసు ఉంటుంది, కెమెరా దించడానికి వీల్లేదన్నాడు. గేటు దగ్గర, లాంపు రూం కిటికీ దగ్గర తీసుకోవచ్చట. దాంతో సరిపెట్టుకో.

అనసూర్య


పూనా
1 మే 1966

అక్కా, బావా,

క్షేమంగా చేరాను. రీళ్ల డబ్బా దారంతా ఒళ్లోనే పెట్టుకున్నాను. మూడు వారాలు నన్ను భరించావు అక్కా, ఇల్లంతా వైర్లు పరిచినా, పొయ్యి ఆర్పమన్నా, మళ్లీ వెలిగించమన్నా చేశావు. సున్నం వేసిన గోడ ముందే బావను తీశాను, కొత్త ధోవతితోనే. నువ్వు గెలిచావు.

ఇప్పుడు ఒక దొంగతనం చెప్పాలి. నేను బయల్దేరిన రోజు ఒక్కణ్నే మంచిర్యాల రైలుకు పోయాననుకున్నావు కదా? బావ కూడా వచ్చాడు, లాంపుతో సహా. నేనే అడిగాను. ముందు వద్దన్నాడు. లోపల తీయనివ్వలేదు, అది లేకుండా పోతే నన్ను ఇంటికి పంపిస్తారు బావా అని బతిమాలితే ఇక కాదనలేకపోయాడు. పొద్దుటి షిఫ్టు అయిపోగానే లాంపు సంచిలో పెట్టుకుని వచ్చేశాడు. మంచిర్యాల దారిలో మూతపెట్టిన పాత బాయి ఉంది చూడు, దాని మొగదల కంచె దాటి లోపలికి పోయాం. నీకు చెబితే ఒప్పుకోవని చెప్పలేదు.

ఎంత బాగా వచ్చిందో చెప్పలేను. ముందు అంతా చీకటి. దూరాన చిన్న వెలుగు. అది ఊగుతూ ఊగుతూ దగ్గరికొస్తుంది, మనిషి కనపడడు. చివరికి కెమెరా ముందుకొచ్చాక లాంపు కింద బావ ముఖం తేలుతుంది. కెమెరా వైపు చూడొద్దని ఎంత చెప్పినా సూటిగా చూసి నవ్వాడు. మళ్లీ తీద్దామంటే రీలు అయిపోయింది.

ఒక్క గంటలో లాంపు తిరిగి ఇచ్చేద్దామనుకున్నాం గాని బస్సులు కుదరలేదు. ఎట్లాగూ ఆలస్యమైందని నన్ను రైలెక్కించే దాకా ఉన్నాడు. లాంపు రూం వాళ్లు ఏమైనా గొణిగారా?

పోశం


మందమర్రి
2 మే 1966
(కార్డు)

పోశంకు,

చేరినట్టు రాయి. ఇక్కడి సంగతి కార్డు మీద రాసేది కాదు. మీ బావ పనికి పోవడం లేదు. ఒంట్లో బాగానే ఉంది, భయపడకు. నీ బొమ్మ గురించి ఇక్కడి నుంచి ఎవరైనా అడిగితే ఏమీ చెప్పకు.

అనసూర్య


పూనా
9 మే 1966

అక్కా,

నా ఉత్తరం, నీ కార్డు దారిలో ఎదురుపడ్డట్టున్నాయి. ఇంత చిన్న కార్డా? అలిగావని అర్థమైంది. ఎందుకో కూడా కనిపెట్టాను. చీర కొనుక్కున్నావు, బొమ్మలో మాత్రం నీ చేతులే పడ్డాయి, రొట్టె కడుతున్న చేతులు. నిన్న కడిగిన రీళ్లు తెర మీద వేసి చూసుకున్నాం. ఆ చేతులు చూసి మా సార్ ఎవరివని అడిగాడు. మా అక్కవని గర్వంగా చెప్పాను. ఇక అలక తీరాలి.

బావ పనికి పోవడం లేదేం? ముఖం బాగా పడిందని తెలిసి సినిమా వేషాల మీదికి మనసు మళ్లిందా? ఆ నవ్వు చూసి అందరూ బల్లలు చరిచారని చెప్పు. లాంపు వస్తున్నంతసేపూ గదిలో ఒక్కడూ దగ్గలేదు. ఆ ఒక్క ముక్క చాలు నిన్ను గట్టెక్కించడానికి అన్నాడు సార్.

పెద్ద ఉత్తరం రాయి. నాకు ఒక్కచోట కాలు నిలవడం లేదు.

పోశం


మందమర్రి
16 మే 1966

పోశం,

నీ ఉత్తరం మీ బావకు చదవలేదు. చదివితే నవ్వుతాడు. అతను నవ్వితే చూసే ఓపిక నాకు లేదు.

నువ్వు పోయిన రోజు షిఫ్టు అయిపోయింది. లైన్లో అందరూ వచ్చారు, మా మేకు చప్పుడు కాలేదు. ఎల్లేశం వాళ్లింట్లో కంచం చప్పుడు వినపడుతోంది. అడుగుదామా అనుకున్నాను, నవ్వుతారని ఆగాను. ఆ తర్వాత లాంపు రూం మనిషి రొప్పుతూ వచ్చి "సారయ్య ఇంటికచ్చిండా?" అని అడిగాడు. రాలే అన్నాను. ఆ మాట నా నోట వచ్చినాక సైరన్ వేశారు.

గేటు దాకా ఎట్లా పోయానో తెలియదు. చెప్పులు లేవు, చిన్నదాన్ని పొయ్యి ముందు వదిలేశాను. ఆడవాళ్లు నన్ను కూర్చోమన్నారు. కూర్చోలేకపోయాను. గేటు దగ్గర్నుంచి లాంపు రూంకు, లాంపు రూం నుంచి గేటుకు తిరిగాను. ఆ షిఫ్టు బోర్డంతా ఖాళీ. మీ బావ బిళ్ల ఒక్కటి వేలాడుతోంది. పోయి పోయి దాన్నే చూసి వచ్చాను.

ఎల్లేశం తల కొట్టుకున్నాడు. "నా ఎనకనే ఉండె, ఉన్నడనే అనుకున్న, జోడిగాన్ని ఇడిసిపెట్టి వచ్చిన" అన్నాడు. దేవులాడడానికి మనుషుల్ని దింపుతుంటే అందరికంటే ముందు అతనే దిగాడు. అప్పుడే పని చేసి వచ్చిన మనిషి, తిన్నది ఒంటబట్టలేదు.

పొద్దు గూకే వేళకు మంచిర్యాల బస్సు వచ్చింది. మీ బావ దిగాడు, చేతిలో సంచి. గేటు ముందు జనాన్ని చూసి పరేషాన్ అయి ఉరికొచ్చాడు. గుంపు అంచున ఉన్న సమ్మవ్వను అడిగాడు. "ఎవలకేమైంది?"

సమ్మవ్వ తిరిగి చూసింది. "నీకే" అంది.

నేను పోయి చెంప మీద కొట్టాను. అందరూ చూస్తుండగా. మళ్లీ ఆ చెంపే పట్టుకుని ఏడ్చాను. దొరికిండు, దొరికిండు అని కిందికి కబురు పంపారు. ఆ కబురు చేరేలోపే ఎల్లేశం బొగ్గు తీసేసి వదిలేసిన పక్కకు పోయి వెతుకుతున్నాడట, అక్కడ పైకప్పు పెళ్ల ఊడి కాలు మీద పడింది. స్ట్రెచర్ మీద పైకి తెచ్చారు. సమ్మవ్వ మొగుణ్ని చూసింది, సంచి పట్టుకుని నిలబడ్డ మీ బావను చూసింది. ఒక్క మాట కూడా అనలేదు. ఆ రోజు నుంచి నాతోనూ అనలేదు.

ఎల్లేశం ప్రాణానికి ఫికర్ లేదు. ఎముక రెండు చోట్ల విరిగింది. మీ బావను పని నుంచి ఆపారు, విచారణ నడుస్తోంది. కావాలని పని ఆపడానికే లాంపు దాచాడని ఒక ఆఫీసరు అంటున్నాడట. మీ బావ మాత్రం మతికి లేక తీసుకపోయానని ఒక్కటే మాట చెప్తున్నాడు. నీ పేరు ఎత్తడం లేదు. మూసిన బాయిలో నువ్వు కంచె దాటి బొమ్మ తీశావని తెలిస్తే పూనాకు రాస్తారు, "పోరని సదువు ఖరాబైతది" అంటాడు. అట్లాగే నోరు మూసుకుని ఉంటే అతని పని పోతుంది, పని పోతే ఈ క్వార్టరు పోతుంది. రాత్రంతా లేచి తిరుగుతాడు. నేను పడుకున్నట్టు నటిస్తాను.

ఇది నీకు రాయొద్దని ఒట్టు వేయించుకున్నాడు. ఒట్టు తప్పాను. ఏం చేయమని చెప్పను? ఒకరు మొగుడు, ఒకరు ఎత్తుకుని పెంచిన తమ్ముడు. ఏ వైపు చెప్పినా నా నోటితో ఒకరిని ముంచినట్టే. లాంపు గేటు దాటకూడదని నీకు రాసింది నేను కాదా, పోశం? చదవలేదా?

అనసూర్య


పూనా
23 మే 1966

అక్కా,

చదివాను. అడిగావు కాబట్టి చెప్తున్నాను. ఒకటికి నాలుగుసార్లు చదివాను. గేటు దాటకూడదన్న దగ్గర గీత కూడా గీశాను. అది చదివి, బయటికొస్తే మంచి బొమ్మ అవుతుందని అనుకున్నాను. బోర్డు మీద మిగిలే బిళ్ల మాట నా బుర్రకు తట్టలేదు, నువ్వు నిలబడి చూసే మాట అసలే తట్టలేదు.

నీ ఉత్తరం అందిన పూటే రెండు ఉత్తరాలు రాసి పోస్టు చేశాను. ఒకటి మీ మేనేజరుకు, ఒకటి మా ప్రిన్సిపాలుకు. లాంపు నేనే తెప్పించానని, కంచె నేనే దాటించానని, బావ వద్దన్నాడని రాశాను. డబ్బాలో వేశాకే నీకు రాయడానికి కూర్చున్నాను. ముందు నీకు రాస్తే ధైర్యం పోతుందని భయమేసింది.

నన్ను తోలేస్తే తోలేయనీ. హుజూరాబాద్‌లో ఏదైనా ఫొటో దుకాణంలో కూర్చుంటాను, పెళ్లిళ్లకు ఫొటోలు తీసుకుంటాను. బావ నా మీద కోపం పెట్టుకోవద్దని చెప్పు. ఎల్లేశం బావ ముఖం ఎట్లా చూడాలో తెలియడం లేదు. సమ్మవ్వక్క మాట్లాడకపోవడమే న్యాయం.

గదిలో ఉండలేక రోడ్ల మీద తిరుగుతున్నాను. వెంటనే రాయి.

పోశం


మందమర్రి
19 జూన్ 1966

తమ్ముడు పోశంకు,

ఆలస్యానికి కోపం కారణం కాదు. ఏ రోజు ఏమవుతుందో తెలియక కాగితం పట్టుకోలేదు.

నీ ఉత్తరం మేనేజరు విచారణలో చదివించాడు. మీ బావ ఇంటికి వచ్చి నా మీద విరుచుకుపడ్డాడు. "నేను నోరు మూసుకున్నది ఎందుకు? నువ్వు ఒట్టు పెట్టుకున్నది ఎందుకు?" అన్నాడు. నీ మీద కోపం ఇంకా ఎక్కువ. అతను నీకోసం దాచింది నువ్వే బయట పెట్టావు, అదీ అతణ్ని అడగకుండా. రెండు రోజులు అన్నం ముట్టలేదు. నేను మాత్రం నువ్వు చేసింది సరైందనే అంటాను. అతనికి వినపడేట్టే అన్నాను.

ఉద్యోగం మిగిలింది, క్వార్టరు మిగిలింది. కాని కిందికి పంపరు. బాయి మీద బొగ్గులోంచి రాళ్లు ఏరే దగ్గర వేశారు, ఆడవాళ్లతో పాటు. జీతం తగ్గింది. ఇక ఎప్పటికీ అతనికి లాంపు ఇవ్వకూడదని ఆర్డరు.

సిగ్గు లేకుండా రాస్తున్నాను, నీకు కాకపోతే ఎవరికి చెప్పుకోను. నాకు సంతోషంగా ఉంది. పెళ్లయినప్పటి నుంచి ఇప్పుడే సైరన్ మోగితే నా చేతిలో పని ఆగడం లేదు. అతనికేమో నిలకడ లేదు. తన షిఫ్టు వేళకు లేస్తాడు, అక్కడ తనకు పని లేకపోయినా పోయి లాంపు రూం కిటికీ పక్కన నిలబడతాడు, అందరూ లాంపులు తీసుకుని పోయే దాకా చూస్తాడు. తర్వాత వచ్చి తల వంచుకుని రాళ్లు ఏరే పనికి పోతాడు. నా సంతోషం అతనికి తెలియకూడదని దాచుకుంటున్నాను, అది కూడా దొంగతనమే అయింది.

ఎల్లేశం ఇంటికి వచ్చాడు. కట్టె పట్టుకుని నడుస్తున్నాడు, కాలు కొంచెం పొట్టిదవుతుందట. మీ బావ రోజూ పోయి కూర్చుంటాడు. నిన్న నల్లా దగ్గర సమ్మవ్వ మొదటిసారి నోరు విప్పింది. "ఏం బొమ్మనే గది, నా మొగని కాలు తీస్కున్నది?" అని అడిగింది. నేనూ చూడలేదే అన్నాను.

మీ స్కూలువాళ్లు ఏమన్నారు?

అనసూర్య


పూనా
3 జూలై 1966

అక్కా,

ప్రిన్సిపాలు పిలిపించి గంటసేపు తిట్టాడు. తోలేయలేదు. చిత్రం పూర్తి చేసి చూపించు, అది చూసి నిర్ణయిస్తామన్నాడు. ఈ నెలాఖరున చూస్తారు.

పూర్తి చేశాను. లాంపు ముక్క తీసేశాను.

నీ ఉత్తరం చదివాక ఎడిటింగ్ బల్ల మీద ఆ ముక్క కనపడగానే కత్తెర తీసుకున్నాను. ఎల్లేశం బావ కాలు మీద కట్టుకున్న బొమ్మ నాకొద్దు. బావ కిటికీ దగ్గర లాంపు తీసుకుంటాడు, తర్వాత ఇంటికి వస్తాడు, మధ్యలో ఏమీ లేదు. మా సార్ చూసి, ప్రాణం తీసి పక్కన పెట్టావు, ఇట్లా చూపిస్తే నువ్వు తప్పుతావన్నాడు. తప్పితే తప్పుతాను, అది మాత్రం పెట్టనని చెప్పాను. ఆ ముక్క ఇంకా డబ్బాలో ఉంది. చూపించేది అయిపోయాక కాల్చేస్తాను.

సమ్మవ్వక్క అడిగిన మాటకు నాకు తెలిసిన జవాబు ఇదే. ఆ బొమ్మ ఇక ఉండదని చెప్పు. ఆమెకూ ఎల్లేశం బావకూ కొంచెం ఊరట కలుగుతుందేమో. బావ మనసు కూడా కుదుటపడుతుందేమో. ఇంతకంటే ఏం చేయాలో నాకు తోచలేదు.

పోశం


మందమర్రి
11 జూలై 1966

తమ్ముడూ,

కాల్చకు.

ఈ ఉత్తరం పిల్లల చేత పంపకుండా పోస్టాఫీసుకు నేనే పోయి వేస్తున్నాను. నెలాఖరులోపు అందాలి.

నీ ఉత్తరం వచ్చినప్పుడు మీ బావ, ఎల్లేశం మా గడప ముందు కూర్చుని ఉన్నారు. సమ్మవ్వ వాళ్ల గడపలో బియ్యం ఏరుతోంది. నీ మాటలు విని అందరికీ కొంచెం నిమ్మళం అవుతుందనే నేనూ అనుకున్నాను. గట్టిగా చదివాను. మీ బావ లేచి నిలబడ్డాడు, మళ్లీ కూర్చున్నాడు, మళ్లీ లేచాడు. నేను భయపడ్డాను. తర్వాత, నేను చెప్పింది చెప్పినట్టు రాయి, ఒక్క మాట కూడా మార్చకు అన్నాడు. రాస్తున్నాను.

"బామ్మర్దీ, గా చిరిగిన బనీను మీద తీస్తనన్ననాడే నీకు చెప్పాలె, చెప్పలేకపోయిన. నన్ను తీసుడు నీ సదువు కోసమే అనుకుంటివి. ఇన్నేండ్లు బాయిల దిగిన. లోపట నేనెట్లుంటనో నా పెండ్లానికి తెల్వది, నా పిల్లలకు తెల్వది. ఇగ నాకు లాంపు ఇయ్యరు. లాంపు పెట్టుకున్న సారయ్య గా ముక్కల ఒక్కదాంట్లనే ఉన్నడు. నేను నవ్విన గదా, ఊకెనే నవ్వలే. గాన్ని నువ్వు కాలవెడ్తవా?"

అంత పొడుగు మాట అతని నోట నేను ఎన్నడూ వినలేదు. అతను బాయిలో దిగనందుకు ఇన్నాళ్లూ లోపల లోపల సంతోషపడ్డదాన్ని కదా, తల ఎత్తలేకపోయాను.

సమ్మవ్వ చాట పక్కన పెట్టింది. నేను ఆమె వైపు చూడలేదు, ఎల్లేశం వైపు చూశాను. కాలు అతనిది కాబట్టి చివరి మాట అతనిదే అనుకున్నాను. అతను కట్టె మీద గడ్డం ఆనించాడు. అతను చెప్పింది కూడా ఉన్నదున్నట్టే రాస్తున్నాను.

"గా రోజు నేను దేవులాడవోయింది గాయిన్నే. నాకు దొరకలే. జర నాకు సూపెట్టుమని రాయి."

నీ అక్క
అనసూర్య